విజిట్ వీసాతో పనికి పంపితే అది మోసమే!

శంషాబాద్‌లో విమానం ఎక్కించే ముందు ఏజెంటు చెప్పే చివరి మాట ఒకటుంటుంది: "ఎవరన్నా అడిగితే చుట్టాన్ని చూడబోతున్నా అను." జగిత్యాల వైపు నుంచి దుబాయ్ పోయి, మూడు నెలలకే ఒట్టి చేతులతో ఇల్లు చేరిన ఓ కూలీకీ అదే పాఠం చెప్పారు. అతను కట్టింది ఎనభై వేలు, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చినవి. చేతిలోది విజిట్ వీసా అని అక్కడ దిగాకే తెలిసింది. రెండో నెల జీతం అడిగితే "నీకు పని వీసానే లేదు" అన్నారు. గడువు దాటిన ప్రతి రోజుకూ 50 దిర్హాముల జరిమానా. అది కట్టి బయటపడటానికి ఇంటి నుంచే మళ్లీ డబ్బు పోయింది.

ఈ విజిట్ వీసా పొరపాటున అంటగట్టిన కాగితం కాదు, ఏరి ఇచ్చినది. పది పాస్ కానివాళ్లకు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరి) పాస్‌పోర్టు ఉంటుంది. గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి పోవాలంటే వాళ్లు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. అక్కడ కంపెనీ ఎవరిది, జీతమెంత, ఒప్పందంలో ఏముంది అని చూస్తారు. చుట్టపుచూపుగా పోయేవాడికి ఆ అనుమతితో పనిలేదు.

ఏజెంటుకు కావలసిందీ అదే.

ఆ అనుమతితో పాటే ప్రవాసీ భారతీయ బీమా యోజన వస్తుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షలు. విజిట్ వీసా మీద పోయినవాడు పరంజా మీంచి పడి చస్తే ఆ ఇంటికి ఈ బీమా నుంచి పైసా రాదు.

లైసెన్సున్న ఏజెంటు కూలీ దగ్గర 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. పెద్ద ఏజెన్సీ అయితే 50 లక్షల బ్యాంకు గ్యారంటీ కట్టాలి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటు కట్టేదేమిటి? ఫోన్ బిల్లు.

ఇక శిక్ష సంగతి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఇలాంటి వాడికి జైలు రెండేళ్లకు మించదు, జరిమానా రెండు వేల రూపాయలకు మించదు. అవును, రెండు వేలే! ఒక్క మనిషి దగ్గరే ఎనభై వేలు గుంజినవాడికి అది చిల్లర ఖర్చు. అదే యూఏఈ, పర్మిట్ లేకుండా పని చేయించుకునే యజమానులకు జరిమానాను 2024లో పెంచి, లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా ఉండేలా చేసింది. కూలీని పిలిచే దేశానికున్న పట్టింపు పంపే దేశానికి లేదు. కొత్త చట్టం కోసం ఢిల్లీలో 2019లో ఒక ముసాయిదా, 2021లో మరొకటి, 2025లో ఇంకొకటి వచ్చాయి. ముసాయిదాలు చూపిస్తే ఏ ఏజెంటూ భయపడడు.

చీటింగ్ కేసు పెట్టొచ్చు కదా అనేవాళ్లున్నారు. పెట్టొచ్చు, రసీదేది? చేతి నుంచి చేతికి ఇచ్చిన నోట్లకు సాక్షులెవరు? ఆశకు పోయి మోసపోయారనేవాళ్లకు జవాబు చెప్పడం దండగ. ఇక్కడ కూలి దొరికితే ఎడారికి ఎవడు పోతాడు?

జరిమానా లక్షల్లో ఉండాలి, గుంజిన సొమ్ము మిత్తితో సహా కూలీకి తిరిగి రావాలి. లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ప్రతి పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. విజిట్ వీసాపై పోయి తిరిగొచ్చినవాడు స్టేషన్‌కు వస్తే అతన్నే దొంగలా చూడటం మానాలి. వలస ఎక్కువున్న ప్రతి జిల్లాలో వీసా కాగితం చదివి చెప్పే కౌంటర్ ఒకటి తెరవాలి. వీటిలో ఏదీ కోట్లు ఖర్చయ్యే పని కాదు.

వచ్చే గ్రామసభలో ఈ నాలుగూ తీర్మానంగా పెట్టించండి. ఈలోగా ఏ ఏజెంటైనా పాస్‌పోర్టు అడిగితే ముందు అతని లైసెన్సు నంబరు అడిగి, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో సరిచూడండి. నంబరు చెప్పనివాడి చేతిలో పాస్‌పోర్టు పెట్టకండి.