ఆడపిల్లల పేర్లు లేని వంశవృక్షం

సంక్రాంతికి ఊళ్ళోకి కార్లు రావడం కొత్త కాదు. నాలుగైదేళ్ళుగా ఆ కార్లు దిగినవాళ్ళు అడిగే ప్రశ్న కొత్తది. ఇదివరకు "ఫలానా వాళ్ళిల్లు ఎటండీ?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు "మా ముత్తాతది ఈ ఊరేనంట, ఆయన సంగతులు ఎవరికన్నా తెలుసా?" అని అడుగుతున్నారు. మాది అద్దంకి దగ్గర, సాగర్ కుడి కాలవ కింద పల్లెటూరు. ముప్పై నాలుగేళ్ళు మా ఇంటి వసారాలోనే బ్రాంచి పోస్టాఫీసు నడిపాను. అందుకని రిటైరయ్యాక కూడా ఇలాంటివాళ్ళని ఊరివాళ్ళు మా ఇంటికే పంపిస్తారు.

మొన్న సంక్రాంతికి వచ్చినాయన హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. వంశవృక్షం ఫోనులో గీసుకొచ్చాడు. నాలుగు తరాలు, పంతొమ్మిది పేర్లు. ముత్తాత దగ్గర ఆగిపోయింది. ఆ ముత్తాత ఎప్పుడు పుట్టాడో, ఊరెందుకు వదిలాడో వాళ్ళింట్లో ఎవరికీ తెలియదు. నేను కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి ఒక్కో పేరే చదివాను. పంతొమ్మిదీ మగవాళ్ళ పేర్లే.

పడమటి బజారులో తొంభై ఏళ్ళ మామ్మ ఉంది. ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళాను. మామ్మ నులకమంచం మీద కూర్చుని, వచ్చినాయన ఇంటిపేరు విని, తాత పేరు అడిగి, "అయితే నువ్వు మా పెదనాన్న మునిమనవడివిరా" అంది. ఇక ఆపలేదు. "నేను ధాతలో పుట్టా. మా తాత అంతకుముందు ధాత కరువునాటికి ఒళ్ళో పిల్లాడంట. నేను పుట్టిన ఏడే మా పెదనాన్న మెట్ట చేను అమ్ముకుని నిజాంసాగర్ కిందికి పోయాడు. బోధన్ అవతల క్యాంపులో గుడిసె వేసుకున్నారని మా అమ్మ చెప్పేది. పోతా పోతా మా పెద్దమ్మ తిరగలి మా అమ్మకిచ్చి పోయింది. అదుగో, ఆ మూలనున్నదే."

తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి. ధాత అంటే 1876, మళ్ళీ 1936. నిజాంసాగర్ కట్టడం 1931కి పూర్తయింది. కోస్తా రైతులు ఆ కాలవ నీళ్ళని నమ్ముకుని బోధన్, వర్ని వైపు వలసపోయి క్యాంపులు వేసుకున్నది ఆ రోజుల్లోనే. ఫోనులో పేరు దగ్గర ఆగిపోయిన ముత్తాతకి ఒక ఏడాది దొరికింది, ఒక కారణం దొరికింది, ఆయన తండ్రి ఏ కరువులో పాలు తాగాడో కూడా తెలిసింది. వచ్చినాయన తిరగలి మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

ఇంత చెప్పిన మామ్మ ఆ వంశవృక్షంలో లేదు. ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల, మేనమామని చేసుకుని ఊళ్ళోనే ఉండిపోయింది. ఆడపిల్ల కాబట్టి కొమ్మ గియ్యలేదు. తిరగలి ఇచ్చిపోయిన పెద్దమ్మా లేదు. ఆవిడైతే వచ్చినాయనకి సాక్షాత్తు ముత్తవ్వ.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే. వంశం గురించి తెలుసుకోవాలన్న కోరిక పెరగడం నాకు చాలా సంతోషం. కానీ మనం గీస్తున్న వంశవృక్షాల్లో సగం మంది లేరు. చెప్పేవాళ్ళేమో ఎక్కువగా ఆ లేని సగంలోనివాళ్ళే.

పల్లెటూళ్ళలో వంశం కాగితం మీద ఉండేది కాదు, వరసల్లో ఉండేది. ఎదురొచ్చిన మనిషిని బాబాయ్ అనాలో మామయ్య అనాలో తెలియడమే మాకు వంశవృక్షం. మేనరికాలవల్ల ఆ వరసలు కూడా తిన్నగా ఉండవు. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో పిల్లలకి అమ్మమ్మే మేనత్త అవుతుంది. ఫోనులో గీసే చెట్టుకి ఈ అల్లిక అందదు, మామ్మలకి మాత్రం కళ్ళు మూసుకున్నా తప్పు పోదు. పేర్లు కూడా తరం విడిచి తరం తిరిగొస్తాయి. తాత పేరు మనవడికి పెడతారు. మామగారి పేరు కోడలు పలకకూడదని ఆ పిల్లాణ్ణి 'పెద్దాయనా' అని పిలుస్తారు. ఊరి భూముల లెక్క రాసే అడంగల్లో ఒకటే పేరు రెండుసార్లు కనిపిస్తే అది తాతదో మనవడిదో రికార్డు చెప్పదు. అందులో రాసే ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) అంకెకి 590 కలిపి ఏ ఏడాదో తేల్చుకోవచ్చు. సాగర్ కుడి కాలవకి మొదట నీళ్ళొదిలిన 1967 అంటే ఫసలీ 1377. కానీ ఆ ఏడాది ఆ పొలంలో అరక కట్టింది తాతా మనవడా అన్నది చెప్పాల్సింది మనిషే.

అలా చెప్పే మనుషులకి ఒకప్పుడు అదే వృత్తి. నా చిన్నతనంలో పంటలు ఇళ్ళకి చేరాక ఒకాయన వచ్చేవాడు. వాకిట్లో నిలబడి మా గోత్రం, ఇంటిపేరు, పెద్దల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పి వడ్లు పెట్టించుకునేవాడు. అప్పట్లో వాళ్ళని పిచ్చుగుంట్లవాళ్ళు అనేవాళ్ళు, ఇప్పుడు ప్రభుత్వ జాబితాలో కూడా వంశరాజ్ అనే గౌరవమైన పేరుంది. మాదిగవాడకి జాంబపురాణం చెప్పే దక్కలివాళ్ళు వచ్చేవాళ్ళు. ఊరి లెక్కంతా కరణం ఇంట్లో ఉండేది. కరణీకాలు 1984లో రద్దయ్యాయి. కథ చెప్పేవాళ్ళ పిల్లలు వేరే పనులు వెతుక్కున్నారు, అది వాళ్ళ హక్కు. మిగిలింది మన ఇళ్ళలోని ముసలివాళ్ళు.

ఆడవాళ్ళ పేర్లు ఎలా పోతాయో నేను కళ్ళారా చూశాను. ఉపాధి హామీ కూలి డబ్బులు పోస్టాఫీసు ఖాతాల్లో పడటం మొదలైన కొత్తలో, కార్డులో ఉన్న పేరు చూసి ఒకావిడని పిలిచాను. ఎవరూ లేవలేదు. మూడుసార్లు పిలిచాను. నా ఎదురుగా కూర్చున్నావిడని పక్కావిడ మోచేత్తో పొడిచి "నిన్నేనే" అంది. ఆవిడ ఉలిక్కిపడి లేచింది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఊరంతా ఆవిణ్ణి పుట్టింటి ఊరి పేరుతో ఇంకొల్లావిడ అనే పిలిచింది. సొంత పేరు చెవిన పడి నలభై ఏళ్ళు దాటింది. మన దేశంలో తొలి సార్వత్రిక ఎన్నికలకి ఓటర్ల జాబితా తయారైనప్పుడు దాదాపు 28 లక్షలమంది ఆడవాళ్ళ పేర్లు తీసెయ్యాల్సి వచ్చింది. వాళ్ళు ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాలవాళ్ళు. సొంత పేరు చెప్పకుండా ఫలానావాళ్ళ భార్య అనో, ఫలానావాళ్ళ తల్లి అనో రాయించుకున్నారు. ఆ సంగతి చదివినప్పుడు నాకు ఇంకొల్లావిడే గుర్తొచ్చింది.

"ఇంటిపేరు నిలిపేది మగపిల్లలేగా, వంశవృక్షంలో వాళ్ళే ఉంటారు, అది సంప్రదాయం" అని నాతో వాదించినవాళ్ళున్నారు. సంప్రదాయాన్నే అడుగుదాం. పెద్దలకి తర్పణం వదిలేటప్పుడు తండ్రి, తాత, ముత్తాతల తర్వాత తల్లి, నాయనమ్మ, ముత్తవ్వల పేర్లు అడుగుతారు. ఆపైన తల్లిగారి వైపు తాతలు. మహాలయ పక్షంలోనైతే మేనత్తలు, తోడబుట్టినవాళ్ళు, గురువు, స్నేహితుడు కూడా వస్తారు. తెలంగాణలో పెత్రమాసకి, అంటే మహాలయ అమావాస్యకి, బియ్యమిచ్చే ఇళ్ళలోనూ పోయిన అమ్మని తలుచుకోకుండా ఉండరు. నువ్వులూ నీళ్ళూ వదిలేటప్పుడు మరిచిపోనివాళ్ళని కాగితం మీద పెట్టేటప్పుడు మరిచిపోవడం ఏ సంప్రదాయం?

ఇది ఒట్టి గౌరవం సంగతి కూడా కాదు, పొలం సంగతి. ఇంటి యజమాని పోయినప్పుడు వారసులెవరో చూపించడానికి వంశవృక్షం రాసి, ఊళ్ళోవాళ్ళ చేత సాక్షి సంతకాలు చేయిస్తారు. 1998లో ఒకరు అలాంటి కాగితం తెచ్చి నా చేత సంతకం పెట్టించుకున్నారు. అందులో ముగ్గురు కొడుకుల పేర్లున్నాయి. ఇద్దరు కూతుళ్ళున్నారని నాకు తెలుసు. వాళ్ళ పెళ్ళి శుభలేఖలకి స్టాంపులు అంటించింది నేనే. "కట్నాలిచ్చి పంపాంగా అక్కా" అంటే ఊరుకుని సంతకం పెట్టాను. రెండేళ్ళకి చిన్న కూతురు పుట్టింటికొచ్చి, నా ముందు కూర్చుని, "అక్కా, నేను ఈ ఇంట్లో పుట్టలేదని నువ్వు కూడా రాశావా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ హక్కుందని ఆంధ్రప్రదేశ్ చట్టం 1985 సెప్టెంబర్ 5 నుంచే అమల్లోకి వచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. 1985 చట్టంలో, అంతకుముందే పెళ్ళయిన కూతుళ్ళ లెక్క వేరుగా ఉండేది. హక్కు ఎంత అన్నది కోర్టు తేలుస్తుంది. పుట్టిందా లేదా అన్నది మాత్రం సాక్షి తేల్చాలి. ఆ రోజు తర్వాత కూతుళ్ళ పేర్లు లేని ఏ వంశవృక్షం మీదా నేను సంతకం పెట్టలేదు.

పొలం లేనివాళ్ళ మాటేమిటి? మా ఊరి దళితవాడ కుర్రాడొకడు, డిగ్రీ చదువుతున్నవాడు, నన్ను ఇదే అడిగాడు. "మీవాళ్ళ పేర్లు అడంగల్లో ఉంటాయి, మావాళ్ళవి ఎక్కడుంటాయి మేడమ్?" భూమి రికార్డు భూమి ఉన్నవాడి పేరే రాస్తుంది, కూలికి దున్నినవాడిని వదిలేస్తుంది. ఎక్కడన్నా రాసినా పాత కాగితాల్లో ఇంటిపేరు స్థానంలో కులం పేరు పెట్టారు. నేను వాడికి ఓడ పుస్తకాల సంగతి చెప్పాను. 1860 నవంబర్లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలని దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కి చేర్చింది. 1911 వరకూ అలా డర్బన్ ఉన్న నేటాల్‌కి వెళ్ళినవాళ్ళు లక్షా యాభై వేలమందికి పైనే, అందులో తెలుగువాళ్ళు చాలామంది. ఓడ ఎక్కిన ప్రతి మనిషికీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలతో సహా రాశారు. ఆడవాళ్ళకి కూడా. మారిషస్‌లో అలాంటి రికార్డులు మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. సొంత ఊరి పుస్తకంలో ఒక్క గీతకి నోచుకోని మనిషి, పరాయి దేశానికి కూలిగా అమ్ముడుపోయాక పూర్తి వివరాలతో నమోదయ్యాడు. ఆ మాట విని వాడు వాళ్ళ తాతని కూర్చోబెట్టి నోటుపుస్తకం మొదలుపెట్టాడు. ఎవరి దగ్గర ఎన్నేళ్ళు పాలేరుతనం చేశారో, ఏ బావి తవ్వారో, ఏ చెరువు కట్టకి మట్టి మోశారో రాస్తున్నాడు. ఆ పుస్తకం పూర్తయితే అది మా ఊరి అసలు చరిత్ర అవుతుంది.

వంశం పేరు మీద ఈమధ్య వస్తున్న పుస్తకాలు కొన్ని చూశాను. ప్రతి ఇంటిపేరు వెనకా ఒక సేనాపతి, ఒక కోట. కులం గొప్ప చెప్పుకోవడానికి వంశం వెతికితే దొరికేది మనవాళ్ళు కారు, మనకి కావలసినవాళ్ళు. మన పెద్దల్లో నూటికి తొంభైమంది పొలంలో వంగి పనిచేసినవాళ్ళు, మగ్గం నేసినవాళ్ళు, కుండలు చేసినవాళ్ళు, మంత్రసానులు. వాళ్ళు కరువులు దాటి బతకబట్టే మనం ఉన్నాం. ఇంతకంటే గొప్ప నాకు అక్కర్లేదు.

కాబట్టి ఊరికొచ్చే పిల్లలకి నా మాట ఇది. ముందు మగవాళ్ళ పేర్లు రాసుకోవడం కాదు, ముసలామె దగ్గర కూర్చోండి. "మీరు ఎప్పుడు పుట్టారు" అని అడక్కండి, చెప్పలేరు. "దివిసీమ ఉప్పెననాటికి మీకు ఎంతమంది పిల్లలు?" అని అడగండి, 1977కి లెక్క అదే కుదురుతుంది. పుట్టింటి ఊరేదో, అక్కడ ఏమని పిలిచేవాళ్ళో అడగండి. ఎవరి పురుడు ఎవరు పోశారో, చిన్నప్పుడే పోయిన పిల్లల పేర్లేమిటో అడగండి. చివరి ప్రశ్న మెల్లగా అడగండి, పక్కన మంచినీళ్ళు పెట్టుకోండి. తర్వాత బడి రిజిస్టరు, పాత దస్తావేజులు, అడంగళ్ళు చూడండి. కొడుకుకి ఎంత గడి గీశారో కూతురికీ అంతే గియ్యండి.

హైదరాబాదు ఆయన వెళ్ళాక ఫోను చేశాడు. వాళ్ళ వంశవృక్షంలో ఇప్పుడు నలభై ఆరు పేర్లట. మామ్మ పేరుంది, తిరగలి ఇచ్చిన ముత్తవ్వ పేరుంది. ఆ పేర్లు నేను ఇక్కడ రాయడంలేదు, అవి వాళ్ళింటి పుస్తకంలో ఉండాల్సినవి.

నేనూ ఒక రెండొందల పేజీల నోటుపుస్తకం మొదలుపెట్టాను. మా నాన్న వైపు ఆరు తరాలు రాయగలిగాను. అమ్మ వైపు అమ్మ, అమ్మమ్మ, ఆపైన అమ్మమ్మ తల్లి. ఆవిడ పేరు నాకు తెలియదు. తెలిసిన చివరి మనిషి మా పెద్దమ్మ. ఇరవై ఏళ్ళు ప్రతి పండక్కీ మా ఇంట్లోనే ఉండేది, పక్కపక్కనే కూర్చుని అరిసెలు వత్తేవాళ్ళం. 2009లో పోయింది. ఒక్కసారి అడిగితే చెప్పేది, నేను అడగలేదు. ఆ గడి కొట్టెయ్యకుండా ఖాళీగా ఉంచాను. అక్కడ ఒక మనిషి ఉందనైనా మా మనవరాళ్ళకి తెలియాలి.