అద్దె ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది

బతకడానికి హైదరాబాద్ మేలా, చెన్నై మేలా? 2019లో మెర్సర్ సంస్థ ఇచ్చిన జీవన నాణ్యత పట్టికలో మన దేశ నగరాల్లో హైదరాబాద్, పుణె 143వ స్థానంతో ముందున్నాయి, చెన్నైది 151. 2021 మార్చిలో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన జీవన సౌలభ్య సూచీలో, జనాభా పది లక్షలు దాటిన నగరాల్లో, చెన్నై 4వది, హైదరాబాద్ 24వది. రెండింటిలో ఏదీ అబద్ధం కాదు. మెర్సర్ లెక్క పరదేశాలకు ఉద్యోగుల్ని పంపే కంపెనీల కోసం వేసింది. చెన్నైలోని చూలైలో ఉండే కూలికీ చిరువ్యాపారికీ దానితో పనేముంది?

చూలై వంటి పాతపేటనే తీసుకోండి. ఈస్టిండియా కంపెనీ కాలపు తెలుగు దుబాసీ అవధానం పాపయ్య పేరు ఇప్పటికీ ఓ వీధికి ఉన్న పేట ఇది. సెంట్రల్, ఎగ్మోరు స్టేషన్లు, పెద్దాసుపత్రి, షావుకారుపేట టోకు బజారు అన్నీ దగ్గరే. గదులు ఇరుకు, వీధులు ఇంకా ఇరుకు. అద్దె చవకని కూడా అనలేం. కానీ పనికి నడిచి వెళ్లగలిగినవాడికి చార్జీలే కాదు, పూట కూలీ కూడా మిగులుతుంది. దూరం పోవాలన్నా 1931 నుంచి కరెంటు రైళ్లు నడుస్తున్న ఊరు. కనీస టికెట్టు అయిదు రూపాయలు. హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్‌లోనూ టికెట్టు చవకే, రైలు కోసం పడిగాపులే ఖరీదు. అక్కడ శివార్లలో అద్దె తగ్గిందని సంతోషించినవాడు ఆ తగ్గిన డబ్బును పెట్రోలు బంకులో కట్టి వస్తాడు. మెట్రో అయినా చెన్నైలో పదితో మొదలై యాభైతో ఆగుతుంది. హైదరాబాద్‌లో 2025 పెంపు తర్వాత గరిష్ఠం 69.

రాయితీల మాటేమిటంటారా? అక్కడ తెలంగాణదే పైచేయి. తమిళనాట రెండు నెలలకు వంద యూనిట్ల కరెంటు ఉచితం. తెలంగాణలో తెల్లకార్డు ఇంటికి నెలకు రెండు వందలు. ఆడవాళ్లకు ఉచిత బస్సు రెండుచోట్లా ఉంది. అడ్వాన్సు బాధ కూడా చెన్నైలోనే ఎక్కువ: పది నెలల అద్దె అడిగే అలవాటు, మూడు నెలలు చాలన్న చట్టం వచ్చాక కూడా, పూర్తిగా పోలేదు. నీళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. 2019లో జోలార్‌పేట నుంచి రైళ్లలో తెచ్చుకున్న ఊరు. తెలుగు పిల్లలకైతే ఇంకో భారం, 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరైంది. ఇవి చిన్నవి కావు. అయినా అడ్వాన్సు ఇల్లు మారినప్పటి బరువు, దూరం రోజువారీ బరువు.

ఐటీ జీతగాడికి హైదరాబాద్ చాలాసార్లు లాభమే. రోజుకూలీ కుటుంబానికి మాత్రం నా తీర్పు చూలై వైపే. హైదరాబాద్ పాలకులు దీన్ని మార్చదలిస్తే మరో ఫ్లైఓవర్ కట్టేముందు ఎంఎంటీఎస్ రైళ్ల సంఖ్య పెంచాలి.