మారు తాళపుచెవి ఎవరి యొద్ద?

కాటారమున భూపాలపల్లి, మంథని, మహదేవపూర్ త్రోవలు కలియుచున్నవి. ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన దినములలో ఇటువంటి కూడళ్ళలోని ఇంటర్నెట్ కేంద్రములే మన విద్యార్థి లోకమునకు కార్యాలయములు. డిగ్రీ ప్రవేశములు 2016 నుండి 'దోస్త్' ద్వారా జరుగుచున్నవి. ఉపకారవేతనమునకు ఈ-పాస్, పత్రములు దాచుటకు డిజిలాకర్ కలవు. ఇన్నిటికిని ఫోను నంబరు, ఈ-మెయిలు ఆధారములు. ఈ-మెయిలు లేని బాలునకు కేంద్రము నడుపువారే దానిని తెరచి, తమ నంబరునే ఇచ్చి, పాస్‌వర్డును తమ నోటుబుక్కులో వ్రాసికొనుటయు కద్దు.

వారి నిజాయితీని మేము శంకించుట లేదు. పాస్‌వర్డు మరచిన నాడు ఖాతా మనలను అడుగునది ముందుగా నమోదైన నంబరును, రెండవ ఈ-మెయిలును, పునరుద్ధరణ సంకేతములను. అవి ఎవరి యొద్ద నున్నవో వారే ఆ ఖాతాకు అసలు యజమానులు. ఉర్దూలోని అమానత్ అను మాట తెలుగునను అమానతుగా వాడుకలో కలదు. అమానతు ఏదో ఒకనాడు సొంతదారుని చేరవలెను గదా! దుకాణము మూతబడవచ్చును. గల్ఫునకు పోయిన అన్నగారి సిమ్ముపై ఖాతా తెరచినవారి స్థితియు అంతే. ప్రీపెయిడు నంబరు 90 దినములు వాడుకలో లేనిచో రద్దు కావచ్చును. రద్దయి మరి 90 దినములు గడచిన పిమ్మట అన్యులకు దక్కవచ్చును. అప్పుడు ఓటీపీ ఎవరికి చేరునో పాఠకులే ఊహింపగలరు.

ఇందులకు పాస్‌వర్డ్ మేనేజరు తగిన సాధనమని మా అభిప్రాయము. 2003లో వెలువడిన కీపాస్, 2016లో వచ్చిన బిట్‌వార్డెన్ వంటివి ఉచితముగనే లభించును. ఒక్క ప్రధాన పాస్‌వర్డుతో తెరచుకొను ఆ పెట్టెలో ప్రతి ఖాతాకు ఒక పుట, ఆ పుటలో గమనికలకు చోటు ఉండును. పునరుద్ధరణ సంకేతములను అచ్చట దాచవలెను. గూగుల్ ఎనిమిదేసి అంకెల సంకేతములు పది ఇచ్చును. ఒక్కొక్కటి ఒక్కమారే చెల్లును గనుక వాడినదానిని వెంటనే కొట్టివేయవలెను.

తల్లి పుట్టింటి పేరేమి, పుట్టిన ఊరేది అను భద్రతా ప్రశ్నలు నగరవాసులకు చెల్లునేమో! పల్లెలో ఆ జవాబులు వాడవాడకు తెలిసినవే. కల్పిత సమాధానమిచ్చి దానిని పెట్టెలో వ్రాసికొనుటయే మేలు. ముస్లిం విద్యార్థులకు మరియొక చిక్కు కలదు. మహమ్మద్ అను పేరు ఇంగ్లీషున ఆధారులో ఒక తీరున, పదవ తరగతి మెమోలో మరొక తీరున ఉండును. ఏ ఖాతాలో ఏ అక్షరములు వాడితిమో అదే పుటలో గుర్తించి ఉంచవలెను.

అన్ని తాళములను ఒక్కచోట నుంచుట క్షేమమా యని కొందరు మిత్రుల ఆక్షేపణ. అది త్రోసివేయదగినది కాదు. 2022లో లాస్ట్‌పాస్ సంస్థనుండి ఖాతాదారుల పెట్టెల ప్రతులే అపహరింపబడినవి. పాస్‌వర్డులు సంకేతీకరింపబడియే యున్నను, ప్రధాన పాస్‌వర్డు బలహీనమైనవారికి ముప్పు తప్పలేదు. నిఘంటువును కన్నులు మూసికొని తెరచి, తెలుగు పదములు రెండు, ఉర్దూ పదములు మూడు ఏరి కూర్చుకొన్నచో ఊహించుట దుర్లభము. రెండు భాషలు నేర్చినందుకు ఇదియొక లాభము! ఇక పెట్టె యొక్క సొంత పునరుద్ధరణ సంకేతమును ఆ పెట్టెలోనే ఉంచరాదు. కాగితముపై వ్రాసి, ఇంటి ట్రంకులో మెమోల సరసన దాచవలెను. సొంత ఫోను లేనివారికి అన్నియు ఆ కాగితముననే ఉన్నను తప్పులేదు. పరుల నోటుబుక్కు కన్న అది నయము.

సంకేతమును నమోదు చేయువేళ జాగ్రత్త మరింత అవసరము. మేనేజరు తాను ఎరిగిన చిరునామా యందే పాస్‌వర్డును అందించును. నకిలీ పుట ఎదురైనచో మిన్నకుండును. అప్పుడు తొందరపడి చేతితో కొట్టక, చిరునామాను అక్షరమక్షరము చూడవలెను. కేంద్రము కంప్యూటరుపై ప్రధాన పాస్‌వర్డును ఎన్నడును కొట్టరాదు. పని సొంత ఫోనులోనే ముగించుకొని, అచ్చునకు మాత్రమే కేంద్రమునకు పోవుట మంచిది.

ప్రవేశముల మాసమునకు ముందే కంప్యూటరు గదిలో ఒక పీరియడు దీనికై కేటాయింపవలెనని కళాశాల అధ్యాపకవర్గమునకు మనవి చేయుచున్నాము. ప్రతి విద్యార్థియు తన ఖాతా తెరచి, పరుల నంబరున్నచో తొలగించి తన నంబరు చేర్చుకొనుటకు ఆ ఒక్క గంట చాలును.