పెట్టుబడి చీరకు బదులు మీటరు గుడ్డ

పెళ్లి, గృహప్రవేశం, సీమంతం, ఓణీల వేడుక వంటి శుభకార్యాలలో బంధువులకూ ఇరుగుపొరుగు ముత్తయిదువులకూ బొట్టు పెట్టి ఇచ్చే వస్త్రాలను తెలుగు కుటుంబాలు పెట్టుబడి బట్టలంటాయి. లాభం కోసం మదుపు చేసిన సొమ్మునూ అదే మాటతో పిలవడం భాష చేసిన చమత్కారమనుకోవాలి, ఎందుకంటే మధ్యతరగతి ఇంటి పద్దులలో ఇంత సొమ్ము ఇంత నిష్ఫలంగా చిక్కుపడే పద్దు మరొకటి కనబడదు. ఆ కుటుంబమే కిటికీకి పరదా కొనాలన్నా, పిల్లకు మంచి నూలు గౌను కుట్టించాలన్నా, చిరిగిన దిండు గలీబు మార్చాలన్నా చేతిలో డబ్బు ఆడడం లేదంటుంది. ఇల్లూ ఒళ్లూ అందంగా ఉంచుకోలేకపోవడానికి ఆదాయం చాలకపోవడం ఒక కారణమైతే, గుడ్డకు పోయే సొమ్ము పనికిరాని దారిన పోవడం రెండవ కారణం. మొదటిదాన్ని కరపత్రాలు మార్చలేవు గాని, రెండవదాన్ని ఒక వీధిలోని పదిళ్లవారు ఒక మాట మీద నిలబడితే ఒక్క శ్రావణ మాసంలో మార్చవచ్చు.

పెట్టుబడి చీర సాధారణంగా పాలియెస్టరుది, అంటే ముడిచమురు నుంచి వచ్చే రసాయనాలతో తయారైన కృత్రిమ దారంతో నేసినది. చెమటను పీల్చదు కనుక ఎండలు మండే ఊళ్లలో దాన్ని రోజంతా కట్టుకోవడం కష్టం. పెట్టేవారు టోకున ఒకే ఖరీదులో కట్టలుగా కొంటారు గనుక పుచ్చుకునేవారి వయసు, ఒంటి రంగు, అలవాటు ఆ ఎంపికలోకి రానే రావు. పైగా చీర చేతికి వచ్చాక ఫాల్ కుట్టించి, అంచులకు పీకో చేయించి, అస్తరు వేసి జాకెట్టు కుట్టించాలి. ఈ మూడింటి కూలి చాలాచోట్ల చీర ఖరీదునే దాటిపోతుంది. దానికంత ఖర్చు ఎవరూ పెట్టరు గనుక చీర కవరు విప్పకుండానే బీరువా పై అరకు చేరి, మరో శుభకార్యంలో మరో ఇంటికి ప్రయాణమవుతుంది. ఎవరు పెట్టిన చీర వారికే తిరిగి వెళుతుందేమోనన్న భయంతో కవరు మూల పెన్సిలుతో ఇచ్చినవారి పేరు రాసుకునే ఇళ్లున్నాయంటే, ఆ వస్త్రం వస్త్రంగా కాక చెల్లని నోటుగా చలామణి అవుతున్నదన్న మాట.

శ్రావణ మాసపు వాయనాలలో తాంబూలంతో పాటు ఇచ్చే రవికె ముక్క కథ ఇంకా చిన్నది, ఇంకా విచారకరమైనది. ఎనభై సెంటీమీటర్ల ఆ ముక్క కొందరికి జాకెట్టుకు చాలదు, చాలినా దానికి సరిపడే చీర ఇంట్లో ఉండదు, రంగురంగుల ముక్కలు పది పోగైనా పదింటిలో రెండు ఒకదానితో ఒకటి కలవవు. ఊహకు ఒక లెక్క వేస్తే, అరవై మందికి 300 రూపాయల చొప్పున చీరలు పెట్టిన ఇల్లు 18,000 రూపాయలు ఖర్చు చేస్తుంది. ఆ అరవై చీరలలో ఒంటి మీదికి ఎక్కేవి ఎన్నో ఆ ఇంటి ఇల్లాలికే బాగా తెలుసు.

ఈ కరపత్రం ప్రతిపాదించే మార్పు ఆచారాన్ని తీసివేయమని కాదు. బొట్టు, పసుపు, తాంబూలం, చేతిలో గుడ్డ పెట్టే మర్యాద అన్నీ యథాతథంగా ఉండవచ్చు, మారవలసింది గుడ్డ. చీరకు, ఎనభై సెంటీమీటర్ల ముక్కకు బదులుగా ఒక మీటరు నూలు చేనేత గుడ్డ పెట్టాలి. ఆ గుడ్డ ఏ రంగులో, ఏ తరహాలో ఉండాలో ఆ వీధి మహిళా సంఘమో అపార్టుమెంటు నివాసుల సంఘమో ఏడాదికి ఒకసారి కూర్చుని నిర్ణయించాలి. ఏడాదికి రెండే రంగులు, ఒకటి సాదా, రెండవది దానితో నప్పే గళ్లదో చారలదో అయితే చాలు. అప్పుడు ఐదిళ్లలో వాయనం అందుకున్న ఇల్లాలి దగ్గర ఐదు పొంతన లేని ముక్కలకు బదులు ఒకదానితో ఒకటి కలిసే ఐదు మీటర్ల గుడ్డ పోగవుతుంది.

ఆ ఐదు మీటర్లు ఏమవుతాయో కత్తెర పట్టుకుని చూడవచ్చు. గుడ్డ అడ్డకొలతను వ్యాపారులు పన్నా అంటారు. చేనేత తానులకు ఇది సాధారణంగా 44 నుంచి 46 అంగుళాలు, అంటే సుమారు 115 సెంటీమీటర్లు ఉంటుంది. నాలుగడుగుల కిటికీకి స్ప్రింగు తీగ మీద వేలాడే సగం పరదా, వీధి చూపును ఆపి వెలుతురును రానిచ్చేది, మడతకుట్టుతో కలిపి 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే సరిపోతుంది. ఒక్కో ముక్క నుంచి 75 సెంటీమీటర్లు కోసి రెండేసి పక్కపక్కన తీగకు ఎక్కిస్తే కిటికీ వెడల్పుకు దాదాపు రెట్టింపు గుడ్డ వచ్చి కుచ్చులు నిండుగా పడతాయి. నాలుగు ముక్కలతో రెండు కిటికీలు పూర్తవుతాయి. మిగిలిన నాలుగు పాతిక సెంటీమీటర్ల పట్టీలను జతలుగా అతికితే పదహారు అంగుళాల దిండ్లకు రెండు గలీబులు వస్తాయి. ఐదో ముక్క చిన్నపిల్ల గౌనుకు. కిటికీ మీది రంగే దిండు మీద కనబడడం, దాని ఛాయే పిల్ల గౌను అంచులో మెరవడం, ఖరీదైన అలంకరణ నిపుణులు ఎంతో రుసుము పుచ్చుకుని చెప్పే సూత్రం ఇదే. గదికి వస్తువులు పెరిగితే అందం రాదు, రంగులు తగ్గితే వస్తుంది.

గుడ్డ ఎంపికలో నూలు నంబరు తెలిసి ఉండడం మేలు. నంబరు, లేదా కౌంటు, అంటే దారపు సన్నదనపు కొలత. సంఖ్య పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. తువ్వాళ్లకు, దుప్పట్లకు, పరదాలకు 20, 40 నంబర్ల దారం గట్టిగా నిలుస్తుంది. కుర్తాకు, గౌనుకు 80 నంబరు హాయి. మంగళగిరి గుడ్డకు పేరు తెచ్చినది ఆ సన్నని సాదా నేత, నిజాం అంచు. పోచంపల్లి ఇక్కత్‌లో దారాన్ని నేయకముందే ముడులు కట్టి రంగులు అద్దుతారు కాబట్టి రంగు పోగు లోపలికి దిగుతుంది, గుడ్డ రెండు వైపులా దాదాపు ఒకేలా కనబడుతుంది. పరదాగా వేస్తే ఇంట్లోవారికీ వీధిలోవారికీ ఒకే బొమ్మ. కలంకారీ అద్దకపు గుడ్డకు ఆ గుణం లేదు, దాన్ని గోడకో దుప్పటికో వాడుకోవడం సబబు. అంగడిలో నూలని చెప్పి అమ్మిన గుడ్డ మీద అనుమానం వస్తే అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో వెలిగించాలి: నూలు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తని బూడిద అవుతుంది, పాలియెస్టరు కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది.

ఇంట్లో ఇప్పటికే ఉన్న గుడ్డ సంగతి వేరే చెప్పాలి. ఐదున్నర మీటర్ల పాత నూలు చీరను 135 సెంటీమీటర్ల చొప్పున అడ్డంగా కోస్తే నాలుగు పలకలు వస్తాయి, అవి రెండు నాలుగడుగుల కిటికీలకు నిండు పరదాలు. ఇంకా పలచబడిన చీరలు పొరలుగా పరిచి దూరపు కుట్లు వేసిన బొంత చలికాలపు రాత్రికి ఎంత మెత్తనిదో పల్లెల్లో పెరిగినవారికి గుర్తు చేయనక్కర్లేదు. పొంతన లేని పనిని అతుకుల బొంత అని ఎద్దేవా చేసిన భాష ఆ బొంత కప్పుకునే నిద్రపోయింది. పరికిణీ కుట్టేటప్పుడు అడుగున రెండు మూడు టక్కులు, అంటే లోపలికి మడిచి వేసిన కుట్లు, పెట్టించి పిల్ల పొడుగు పెరిగినప్పుడల్లా ఒకటి విప్పే పద్ధతి పాతకాలపు దర్జీలకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. రెడీమేడు దుస్తులలో విప్పడానికి లోపల గుడ్డే ఉండదు. సోఫా కొనలేని గదికి వరంగల్ జంపఖానా, దాని మీద నాలుగు దిండ్లు మర్యాదకు ఏ లోటూ చేయవు. ఆ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు వస్తువన్న చట్టబద్ధమైన హక్కు, దక్కింది.

ఈ మార్పు నేతగాడికి కూడా దారి చూపాలి. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన దేశంలో 35.22 లక్షల మంది ఈ పనిమీద ఉన్నారని తేల్చింది. వారిలో అత్యధికులు స్త్రీలు, అత్యధికుల ఆదాయం అతి స్వల్పం. చీర, ధోవతి, తువ్వాలు, లుంగీ, దుప్పటి, జంపఖానా వంటి పదకొండు రకాల వస్తువులను చేనేతకే ప్రత్యేకించిన 1985 నాటి చట్టం ఇప్పటికీ అమలులో ఉన్నా, కొనేవాడు లేని రక్షణ మగ్గాన్ని ఆడించలేదు. అయితే సహకార సంఘాల తీరు కూడా మారక తప్పదు. ఆప్కో, టెస్కో వంటి సంస్థల విక్రయశాలలలో చీరకు దక్కే గాజు అద్దాల చోటు మీటరు గుడ్డకూ దక్కాలి. ఒక మీటరు చొప్పున మడిచి, పన్నా, నూలు నంబరు, ధర, ఉతికే పద్ధతి తెలుగులో అచ్చువేసిన చీటీతో, చేనేత గుర్తుతో అమ్మాలి. అన్నిటికీ మించి, ఒక సంఘం కోరిన గుడ్డంతటికీ నూలును ఒకే విడతలో అద్దించాలి, లేకపోతే జూలైలో కొన్న నీలం అక్టోబరులో కొన్న నీలంతో కలవక పథకమంతా చెడుతుంది.

ఖరీదు మాట దాచిపెట్టనక్కర్లేదు: మంచి చేనేత గుడ్డ మీటరు, పెట్టుబడి చీరకు పెట్టే ధరలో సగాన్నో అంతకు మించో మింగుతుంది, మొదటి రెండు మూడు ఉతుకులలో రంగు కొంత దిగుతుంది, గంజి, ఇస్త్రీ కోరుతుంది. వేదికల మీద చేనేతను పొగిడేవారిలో ఆ ఇస్త్రీ స్వయంగా చేసుకునేవారు తక్కువ గనుక ఈ సంగతి ఎవరూ ఎత్తరు. అంత శ్రమ వద్దనుకున్న ఇల్లు పరదాలకు, గలీబులకు మరమగ్గం మీద నేసిన నూలు గుడ్డ వాడుకున్నా ఈ కరపత్రానికి అభ్యంతరం లేదు; సిరిసిల్ల మరమగ్గాల మీద బతికే కార్మికుడూ నేతగాడే, ఇక్కడి వాదం మరమగ్గం మీద కాదు, వాడని గుడ్డ మీద. చీర పెట్టకపోతే వియ్యాలవారు ఏమనుకుంటారన్న సంకోచం మాత్రం నిజమైన అడ్డంకి. ఒక్క ఇల్లు మొదలుపెడితే పిసినారితనమంటారు. సంఘం తీర్మానం చేసి శుభలేఖ వెనుక ఆ మాట అచ్చువేయిస్తే వీధి పద్ధతి అంటారు.

బట్టల దుకాణాలు ఆషాఢం తగ్గింపు ధరలు ప్రకటించే రోజులలోనే పెట్టుబడి చీరల కట్టలు ఇళ్లకు చేరుతాయి గనుక సంఘాలు అంతకుముందే మేలుకోవాలి. జ్యేష్ఠ మాసంలోనే కూర్చుని, రెండు రంగులూ నూలు నంబరూ పన్నా ఎంచుకుని, ఇంటికి ఎన్ని మీటర్లు కావాలో పుస్తకంలో రాసుకుని, సమీపంలోని నేత సహకార సంఘానికి బయానా చెల్లించాలి. గుంట మగ్గం మీద గుడ్డ రోజుకు కొద్ది మీటర్లే సాగుతుంది, శ్రావణ శుక్రవారం ఎవరి కోసమూ ఆగదు.