కలపండి, కానీ పేరు చెప్పండి

"అంతా సంకరమైపోయిందమ్మా!" అనడం ఈ రోజుల్లో పెద్దరికానికి గుర్తు. పాటలో పాట కలిపేస్తున్నారట, బొమ్మకు బొమ్మ అతికేస్తున్నారట, కంప్యూటరు వచ్చి మన సంస్కృతిని కిచిడీ చేసిందట. ఆ వాపోవడం కూడా సెల్‌ఫోనులోనే లెండి!

నాకీ దుఃఖం బొత్తిగా అర్థం కాదు. నంద్యాల జిల్లాలోని యాగంటికి వెళ్లి చూడండి. పైన గుహలో వెంకటేశ్వరుడు. కింద గుళ్లో ఒకే రాతిలో ఉమామహేశ్వరులు. అగస్త్యుడు విష్ణువుకని మొదలుపెట్టిన గుడి చివరికి శివుడిదైందని స్థలపురాణం. ఆ కొండలోనే బ్రహ్మంగారి గుహ ఉంది. ఆయన ప్రియశిష్యుడు సిద్ధయ్య దూదేకుల ఇంటి బిడ్డ. అయినా ఎవరూ మైలపడలేదే!

పోనీ, వంటింటికి రండి. బీపీటీ బియ్యమే కావాలని పట్టుబట్టి కొంటాం కదా, ఆ సాంబ మసూరి 1986లో బాపట్లలో వచ్చిన వంగడం. దాని వంశం కదిపితే తమిళనాడు, తైవాన్, మలేషియా చుట్టాలు బయటపడతారు. అన్నం మల్లెపువ్వే గానీ, పైరుకు ఎండాకు తెగులు బెడద. హైదరాబాదు శాస్త్రజ్ఞులు తెగులుకు తట్టుకునే మూడు జన్యువుల్ని దానిలోకి తెచ్చారు. అందులో ఒకటి ఆఫ్రికా అడవి వరిది! ఆకు ముక్కలో డీఎన్ఏ చూసి, ఏ మొక్కకు ఆ గుణం అబ్బిందో నారుగా ఉండగానే పట్టేశారు. 2008లో ఆ కొత్త సాంబ మసూరి విడుదలైంది. వరి జన్యువుల వరుసంతా 2005లోనే కంప్యూటర్లకెక్కింది కాబట్టి ఇలాంటి పని ఇప్పుడు మరీ సులువు. సంకరాన్ని తిట్టేవాళ్లు ముందు విస్తరి ముందునుంచి లేవాలి మరి!

అయితే నాకూ ఒక కోపం ఉంది. వరిని కలిపినవాడు తల్లి ఏది, తండ్రి ఏది, ఏ తరంలో ఏం చేశాడు, అన్నీ రాసిపెడతాడు. తేడా వస్తే వెనక్కి వెళ్లి వెతుక్కోవచ్చు. ఫోనులో కలిపేవాడికి ఆ నియమం లేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు, కాలజ్ఞానంలో ముందే ఉందంటూ చరణాలు ఇంటింటికీ తిరిగాయి. ఏ ప్రతిలో ఉందండీ అంటే, "ఎవరో పంపారు" అన్నదే జవాబు. వణికిపోయింది ఎవరు? గడప దాటే వీల్లేక, పిల్లల్నీ ముసలివాళ్లనీ కాచుకుంటూ కూర్చున్న మనమే!

కంప్యూటరుకు గొంతైనా, బొమ్మైనా, పద్యమైనా ఒకటే: అన్నీ అంకెలే. అందుకే దాని అతుకు కంటికి ఆనదు. మన అమ్మమ్మలు దంపుళ్ల పాటలు కట్టారు, మంగళహారతులు పాడారు. కట్టిందెవరో పేరు మిగల్లేదు. రేపు ఆ గొంతులే మరబొమ్మ నోట వినిపిస్తే, కింద ఇంకెవరి పేరో ఉంటుంది. ఒకసారి పోయింది చాలదా?

కలపొద్దని నేననను. ఎక్కడిది తెచ్చారో, ఎవరిది తెచ్చారో చెప్పి మరీ కలపమంటాను. చెప్పనివాణ్ణి అడగాల్సింది మనమే. బియ్యం కొట్లో "ఏ రకం? పాతవేనా?" అని అడక్కుండా కిలో కూడా కొనని వాళ్లం, ఫోనులో వచ్చిందాన్ని మాత్రం అడక్కుండానే పదిమందికి పంచుతామా?