అతిథి మర్యాదయు, తియ్యని పానీయములును

వేసవి సమీపించినదనగా మన జహీరాబాదులో ఏ యింటి గడప త్రొక్కినను ఒకటే దృశ్యము కానవచ్చును. అతిథి కూర్చుండి చెమట తుడుచుకొనునంతలో ఇల్లాలు కొంగుముడి విప్పి కుఱ్ఱవాని చేతిలో రూపాయలు పెట్టును. వాడు దుకాణమునకు పరుగెత్తి చల్లని సీసాతో తిరిగివచ్చును. అతిథికొక గ్లాసు, వెంట వచ్చినవారికి ఒక్కొక్క గ్లాసు. సీసా అడుగున మిగిలినది ఇంటి పిల్లలపాలు. అతిథి “వద్దమ్మా, మంచినీళ్లు చాలును” అనెనా, ఇల్లాలు నొచ్చుకొని “మా యింట ఉత్త నీళ్లు త్రాగి పోవుదురా?” అనును. మేమును ఈ గ్లాసు ఇచ్చినవారమే, పుచ్చుకొన్నవారమే. కావున ఈ వ్యాసము పరులను దూఱుటకు వ్రాసినది కాదు. మనలో మనము ఆలోచించుకొనుటకు వ్రాసినది.

మా అభిప్రాయమును ముందుగనే చెప్పెదము. తియ్యని పానీయములు మన యిండ్లలోనికి దాహము పేరిట వచ్చినవి కావు. మర్యాద పేరిట వచ్చినవి. దాహమునకు కుండలో నీళ్లున్నవి, చట్టిలో మజ్జిగ యున్నది. అవి అతిథికి తగవను సిగ్గే సీసాకు తలుపు తెఱచినది. అందుచేత పిల్లల నాలుకలను అదుపు చేసినంత మాత్రమున ఈ అలవాటు పోదు. మర్యాద యనగా నేమో పెద్దలమైన మనము మఱల నిర్ణయించుకొనవలయును.

మొదట లెక్క చూతము. విద్యార్థులారా, ఇది మీరు స్వయముగా చేయదగిన లెక్క. కూల్‌డ్రింకు సీసాపై సన్నని అక్షరములతో పోషకముల పట్టిక యుండును. సాధారణముగా 100 మిల్లీలీటర్లకు 10 లేక 11 గ్రాముల చక్కెర అందు కనబడును. అనగా 250 మిల్లీలీటర్ల చిన్న సీసాలో సుమారు 26 గ్రాములు, 600 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 64 గ్రాములు. చిన్న చెంచాకు 5 గ్రాముల చొప్పున చిన్న సీసాలో అయిదు చెంచాలు, పెద్ద సీసాలో దాదాపు పదుమూడు చెంచాలు అగును. మన తల్లి ఒక చెంబెడు నీళ్లలో పదుమూడు చెంచాల చక్కెర కలిపి యిచ్చినచో మనము నోట పెట్టుకొనగలమా? చల్లదనమును, పులుపును, బొగ్గుపులుసు వాయువును కూడి ఆ తీపిని మఱుగుపఱచుచున్నవి.

ఎంత చక్కెర తగును? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో దీనిని గూర్చి స్పష్టముగ చెప్పినది. మనము దినమునకు తిను ఆహారము ఇచ్చు శక్తిలో నూటికి పదిపాళ్లకు మించి, విడిగా చేర్చిన చక్కెరనుండి రాకూడదు. అయిదు పాళ్లకు తగ్గిన మఱియు మేలు. దినమునకు 2000 కేలరీలు కావలసిన పెద్దవానికి నూటికి పదియనగా 50 గ్రాములు, అయిదనగా 25 గ్రాములు. పిల్లలకు వలయు శక్తి తక్కువ గనుక వారి హద్దును తక్కువే. పాలలోను, కొఱికి తిను పండ్లలోను సహజముగ నున్న తీపి ఈ లెక్కలోనికి రాదు. తేనెయు, పిండిన పండ్లరసమును వచ్చును. చిన్న సీసా ఒక్కటే 25 గ్రాముల హద్దును దాటింపగా, పెద్ద సీసా 50 గ్రాముల హద్దును దాటించుచున్నది. ఇంకను ఆ దినమున త్రాగు టీ, తిను మిఠాయి మిగిలియే యున్నవి.

త్రాగిన చక్కెరకును తిన్న అన్నమునకును ఒక భేదము కలదు. నమలి తిన్నది కడుపు నిండినదను తృప్తి నిచ్చును. తీపినీళ్లట్టి తృప్తి నీయవు. పెద్దవాడు సీసా త్రాగియు అన్నము తగ్గింపడు. ఆ శక్తి మిగులై కొవ్వుగా చేరును. చిన్నపిల్లలలో విపరీతమగు మఱియొక ఫలము గలుగును. అన్నమువేళకు ముందు తీపినీళ్లు త్రాగిన బిడ్డ పప్పును, ఆకుకూరను, గ్రుడ్డును త్రోసివేయును. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లముగ మార్చి పండ్ల పైపొరను కరగించును. ఈ అలవాటు ఏండ్లతరబడి సాగినచో మధుమేహమునకు దారి తీయునని వైద్యులు చెప్పుచున్నారు. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలివారి పరిశీలనము మన దేశమున 10 కోట్ల 10 లక్షలమంది మధుమేహముతో నున్నారని తేల్చినది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేయో, అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత గలదని చెప్పినది. ఒకే యింట తండ్రికి చక్కెరవ్యాధియు బిడ్డకు రక్తలేమియు నుండుట మనకు వింతగా తోచుట లేదు. ఇంటిల్లిపాదికిని కావలసినది పోషణము. మనము కొని తెచ్చుచున్నది తీపి.

సీసాను నిందించుట సులభము, అది పైకి కనబడును గనుక. కాని టీగ్లాసు మాట యేమి? మన ప్రాంతమున టీ లేనిదే తెల్లవాఱదు. గ్లాసునకు రెండు చెంచాల చక్కెర. దినమునకు నాలుగు గ్లాసులు. ఇదియే 40 గ్రాములైనది. పెద్దలు త్రాగుచుండగా పిల్లలూరకుందురా? టీలో రెండు బిస్కత్తులు ముంచుకొని తిని, అదే ఫలాహారమనుకొని బడికి వచ్చు బాలబాలికలను మేమెఱుగుదుము. మొదటి గంటలో చురుకుగ నుండి మూడవ గంటకు తలవాల్చు పిల్లవానిని మందమతియని నిందించుటకు ముందు, వాడు ప్రొద్దున నేమి తినివచ్చెనో అడుగుట న్యాయము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో వెలువరించిన ఆహార సూచనలలో, భోజనమునకు గంట ముందును గంట తరువాతను టీ, కాఫీలు త్రాగరాదని చెప్పినది. వానిలోని టానినులు ఆహారమందలి యినుమును శరీరమునకు అందనీయవు. రక్తహీనత ఇంతగా ఉన్న దేశమున ఇది చిన్న మాట కాదు.

తీపినీళ్లు మందు వేషమున వచ్చిన వృత్తాంతము హైదరాబాదులోనే జరిగినది. దానిని తల్లిదండ్రులందఱును ఎఱిగియుండవలెను. విరేచనములతో నీరసించు బిడ్డకు ఓ.ఆర్.ఎస్. అను ఉప్పుద్రావణము ప్రాణదాయకము. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన పాళ్ల ప్రకారము లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే యుండవలెను, దానితో 2.6 గ్రాముల ఉప్పును, మఱి రెండు లవణములును చేరును. అయితే కొందఱు వ్యాపారులు అంతకు ఎన్నో రెట్లు చక్కెర గల పానీయములకు అదే పేరు తగిలించి అమ్మిరి. మితిమీరిన చక్కెర ప్రేగులలోనికి నీటిని లాగి విరేచనములను హెచ్చించును. పిల్లల వైద్యురాలగు డాక్టరు శివరంజని సంతోష్ ఈ మోసమును కనిపెట్టి, ఎనిమిదేండ్లపాటు సాగించిన పోరాటములో భాగముగా 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యము వేసిరి. ఆహార ప్రమాణముల సంస్థ ఆ సంవత్సరము ఏప్రిలులో ఆ పేరు వాడరాదని చెప్పి, జూలైలో ఒక వివరణ ముద్రించిన చాలునని సడలించి, తుదకు 2025 అక్టోబరు 14న ఆ సడలింపును రద్దు చేసినది. ఒక వైద్యురాలు డబ్బాపై నున్న సన్నని అక్షరములను చదువుటతో ఈ పోరాటము మొదలైనది. చదువుకొన్న మనకు ఇందొక పాఠము గలదు: డబ్బామీది పెద్ద అక్షరములు అమ్మువాని మాట, చిన్న అక్షరములే వస్తువు మాట.

ఇక మన ఊరి సంగతికి వత్తము. ఇతర దేశములవారు ఆహారమును గూర్చి నేర్చుకొనుటకు జహీరాబాదు వచ్చుచున్నారన్న మన పిల్లలలో ఎందఱు నమ్ముదురు? పస్తాపూరునందలి దక్కను అభివృద్ధి సంఘము 1983లో ఆరంభమైనది. అందలి సంగాల స్త్రీలు, అధికముగా బీద దళిత రైతులు, జొన్న, సజ్జ, కొఱ్ఱ, సామ, తైదలు మొదలగు పాత పంటల విత్తనములను కాపాడుచు వచ్చిరి. ప్రతి యేట సంక్రాంతి దినములలో ఎడ్లబండ్లపై ఆ విత్తనములు గ్రామగ్రామమునకు ఊరేగును. 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటరు బహుమానము ఈ స్త్రీలకు లభించినది. 2023ను చిరుధాన్య సంవత్సరముగ ప్రపంచమంతయు జరుపుకొన్నది.

ఆ తైదల పిండిని నీళ్లలో కలిపి రాత్రి పులియనిచ్చి, మఱునాడు కాచి చల్లార్చి, మజ్జిగయు ఉప్పును చేర్చి, ఉల్లిపాయ నంజుకొని త్రాగు అంబలి మన తాతల వేసవి పానీయము. వంద గ్రాముల తైదలలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము గలదు. బియ్యములో అది మిక్కిలి తక్కువ. అంబలి దప్పి తీర్చును, ఆకలియు తీర్చును. అట్టిది ఉండగా మనము కుఱ్ఱవానిని దుకాణమునకేల పంపుచున్నాము? అంబలి బీదవాని కూడు అను మాట మన చెవులలో నాటుకొన్నందున. ఇంట పండినదానిని అతిథి ముందు దాచి, కొన్నదానిని చూపుట గౌరవమని నమ్మినందున. ఈ సిగ్గే మనల నిజముగా దరిద్రులను చేయుచున్నది.

దీనికి కొందఱు ఆక్షేపణలు చెప్పుదురు. “మన చుట్టును చెఱకు పండించు రైతులున్నారు, చక్కెర తగ్గింపుడనుట వారి నోట మన్ను కొట్టుట కాదా?” అందురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. అయితే చెఱకునుండి నేడు చక్కెరయే కాక, పెట్రోలులో కలుపు ఇథనాలును తీయబడుచున్నది. గిట్టుబాటు ధర, సకాలమున సొమ్ము చేతికందుట, నీరు అనునవి రైతు కష్టములు. వానికి వేఱుగా పరిష్కారములు వెదకవలెను. రైతు క్షేమమును రైతు బిడ్డ పండ్లు పుచ్చిపోవుటచే సాధింపలేము. మఱికొందఱు “చక్కెర మాని బెల్లము వేసికొందుము” అందురు. బెల్లములో కొలదిగా ఖనిజములున్నను అదియు ప్రధానముగా చక్కెరయే. దానికిని మితము వలయును.

మూడవ ఆక్షేపణ అన్నింటికంటె బరువైనది. కూలికి పోవు బీదవాడు తీపి టీ త్రాగుట రుచికొఱకు కాదు. ఆకలిని కొంతసేపు మఱచుటకు. ఆతని గ్లాసును చూచి ఉపన్యసించుటకు మనకధికారము లేదు. ఆతనికిని ఆతని బిడ్డలకును ప్రొద్దుట ముంతెడు అంబలియో జొన్నరొట్టెయో దొరకునట్లు చూచుట సమాజము విధి. మా మాటలు ముఖ్యముగా కొనగలిగియు తప్పుగా కొనుచున్నవారికి. దినమున కొక సీసా 20 రూపాయల వంతున కొన్న యింటికి నెలకు 600 రూపాయలు వ్యయమగును. ఆ సొమ్ముతో ఎన్ని గ్రుడ్లు, ఎన్ని పల్లీలు, ఎన్ని జామకాయలు ఇంటికి వచ్చునో తల్లులు మాకంటె బాగుగ లెక్కింపగలరు.

ప్రభుత్వములు ఊరకున్నవనలేము. మెక్సికో దేశము 2014లోను, ఇంగ్లండు 2018లోను తియ్యని పానీయములపై పన్ను విధించినవి. ఇంగ్లండులో తయారీదార్లు పన్నునకు వెఱచి చక్కెరనే తగ్గించిరి. మన దేశమున 2020నాటి నిబంధనలు పాఠశాల ద్వారమునకు 50 మీటర్లలోపల చక్కెర, ఉప్పు, కొవ్వు అధికముగ గల ఆహారమును పిల్లలకు అమ్మరాదనుచున్నవి. 2025 మే నెలలో కేంద్ర మాధ్యమిక విద్యామండలి తన పాఠశాలలలో చక్కెర పట్టికలు పెట్టుడని కోరినది. కాని చట్టము గడపవఱకే వచ్చును. గడపలోపలి పని మనది.

ఆ పని కష్టమైనది కాదు. తల్లులారా, అతిథికి మొదట చల్లని నీళ్లిండు. పిమ్మట ఉప్పు వేసిన మజ్జిగయో, తీపి తగ్గించిన నిమ్మరసమో, అంబలియో ఇండు. తండ్రులారా, మీ టీలో పక్షమునకు అరచెంచా చొప్పున చక్కెర తగ్గింపుడు. నాలుక దానంతటదియే అలవడును. చిన్నపిల్లలకు టీ అలవాటు చేయకుడు. బంధువులారా, పసివారిని చూడబోవునపుడు సీసాలకు బదులు పండ్లు కొనిపొండు. పండుగనాడు పాయసము త్రాగుదము, అది సంతోషము. ప్రతిదినమును పండుగగ చేసికొనుటయే కీడు. విద్యార్థులారా, దుకాణమున డబ్బు ఇచ్చుటకు ముందు సన్నని అక్షరములు చదువుడు. చెంచాలుగ మార్చి మీ తమ్ములకు చెప్పుడు.

మా పాఠశాలకును ఒక మనవి కలదు. ఆటలపోటీల దినమునను, వార్షికోత్సవమునను వేదికపై పెద్దల ముందుంచు సీసాలను తీసివేసి, మట్టికుండలోని మజ్జిగను ఉంచుడు. అది చిన్న మార్పే. కాని అధ్యక్షుడు మజ్జిగ త్రాగుటను అయిదువందల కన్నులు చూచును. మర్యాద పైనుండి క్రిందికి దిగును. వేదికపైన గౌరవమొందినది మఱునాడు ఇంటింటను గౌరవమొందును. అప్పుడు అతిథి గడప త్రొక్కగనే మన కుఱ్ఱవాడు దుకాణమువైపు కాక, వంటయింటి కుండవైపు పరుగెత్తును. అట్టి దినమును శీఘ్రముగ తెచ్చుకొనుట మన చేతులలోనే యున్నది.