వెనుక బరువు లేని లోడర్ వద్దు

ఎడ్ల బండి తోలినవారికి మొగ్గు సంగతి చెప్పనక్కర లేదు. ముందు బరువెక్కువైతే ఎడ్ల మెడలు ఒరుసుకుపోయేవి. వెనుక ఎక్కువైతే కాడి పైకి లేచి మెడతాడు గొంతుకు బిగిసేది. అందుకే పెద్దలు బస్తాలు సర్ది, కాడి ఎత్తి చూసుకుని మరీ బండి కట్టేవారు. ఆ ఇళ్లలో పుట్టిన మనమే ఇప్పుడు ఎరువుకని, ఇసుకకని, జామాయిల్ కట్టెకని ట్రాక్టరు ముందు లోడర్ బిగించి, వెనుక ఏమీ లేకుండా తోలుతున్నాం.

మొన్న పర్ణశాల రేవు దారిలో ఒక ట్రాక్టరును చూశాను. బకెట్ నిండా తడి ఇసుక, అదీ డ్రైవరు తల కంటే ఎత్తులో. గట్టు దిగుతుంటే వెనుక చక్రం ఒకటి నేల విడిచి మళ్లీ ఆనింది. "ఏం కాదు సార్, రోజూ ఇంతే" అని నవ్వాడు కుర్రాడు. రోజూ ఇంతే కాబట్టే ఈ నాలుగు మాటలు.

లెక్క చూద్దాం. 20 క్వింటాళ్ల ట్రాక్టరులో 12 వెనుక చక్రాల మీద, 8 ముందు ఇరుసు మీద ఉన్నాయనుకోండి. ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లు. ముందు ఇరుసుకు మీటరున్నర అవతల 5 క్వింటాళ్ల ఇసుక ఎత్తితే, ముందు భారం 8 నుంచి దాదాపు 17 క్వింటాళ్లకు పోతుంది. వెనుక 12 కాస్తా 8 చిల్లరకు పడిపోతుంది. లోడర్ సొంత బరువు ఇందులో కలపలేదు. తడి ఇసుక ఘనమీటరు 19 క్వింటాళ్ల దాకా తూగుతుంది. అంటే ఈ 5 క్వింటాళ్లు పావు ఘనమీటరే.

మామూలు టూ వీల్ డ్రైవ్ ట్రాక్టరుకు బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. వెనుక తేలికైతే బ్రేకు తొక్కినా చక్రం జారుద్ది గానీ బండి ఆగదు. పైగా ముందు ఇరుసు మధ్యలో ఒకే పిన్ను మీద ఊగుతుంటుంది. అంటే బండి నిలబడేది రెండు వెనుక చక్రాలు, ఆ పిన్ను, ఈ మూడు చోట్లే. బకెట్ ఎత్తినకొద్దీ బరువు ఆ ముక్కోణం సన్నని కొసవైపు జరుగుతుంది, పైకీ పోతుంది. ఆ సమయంలో ఒక చక్రం గుంటలో పడితే చాలు, బండి పక్కకు ఒరుగుతుంది.

"టైర్లలో నీళ్లు పోయించాం" అంటారు. మంచిదే, వెనుక పట్టు పెరుగుద్ది. కానీ ముందు ఇరుసు మీద భారం ఒక్క కిలో కూడా తగ్గదు. వెనుక మూడు లింకులకు వేలాడే బరువే ఆ భారాన్ని తీసేది. వెనుక ఇరుసుకు మీటరు అవతల 5 క్వింటాళ్లు కడితే, వెనుక చక్రాలకు ఏడున్నర చేరుతుంది, ముందు రెండున్నర తగ్గుతుంది. 200 లీటర్ల డ్రమ్ములో కాంక్రీటు పోసి గట్టి పిన్నులు పెట్టిస్తే దాదాపు ఆ బరువు వచ్చేస్తుంది. రోటావేటర్ తగిలించుకున్నా కొంత నయం. కొందరు దుక్కి కోసం వేసిన బంపరు బరువులు తీయకుండానే లోడర్ బిగిస్తున్నారు. అది పుండు మీద కారం చల్లడమే.

డీజిల్ ఎక్కువ తాగుద్దని, ఇరుకు చోట తిప్పలేమని యజమానులు అంటారు. తిప్పడం కష్టమన్నది నిజమే. కానీ చాలా చోట్ల సీటు మీద కూర్చునేది యజమాని కాదు, కూలికి వచ్చిన కుర్రాడు. బండి తిరగబడినా డ్రైవరు నలగకుండా కాపాడే ఉక్కు చట్రాన్ని స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు తప్పనిసరి చేసింది. మనవాళ్లు వేయించే టాపు ఎండకే పనికొస్తుంది.

లోడర్ అమ్మేవారు వెనుక బరువుతో కలిపే అమ్మాలి. అప్పిచ్చే బ్యాంకు ఆ రెండూ ఒకే కొటేషన్‌లో ఉన్నాయో లేదో చూడాలి. డ్రైవరు సోదరులు బకెట్‌ను మోకాలి ఎత్తు దాటనీయకుండా తోలాలి. నిండు బకెట్‌తో దిగుడు దిగాల్సి వస్తే రివర్సులో నిదానంగా దిగాలి. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి లాక్ వేయాలి. వెనుక బరువు లేదంటే "బండి తీయను" అనాలి. ఆ మాట అన్న కుర్రాడికి ఆ రోజు కూలి పోకుండా చూడాల్సింది ఊరి పెద్దలు.